రెండోసారి మోగిన డప్పు

రాజుగారి ఆమోదం అంటే ఏమిటని అడిగావు కదూ మొన్న ఫోన్లో, అదేం పెద్ద విషయం కాదమ్మా, మీ ముత్తాత తల ఊపడం. నేనలా అనగానే నువ్వు పకపకా నవ్వి, పరీక్షకి చదువుకుంటున్నాను అమ్మమ్మా, సరిగ్గా చెప్పు అన్నావు. వెనకాల నీ తమ్ముడు కూడా నవ్వాడు. నాగపూర్‌లో మీ ఇంట్లో కుక్కరు కూత వేసింది, మీ అమ్మ పిలిచింది, ఫోను పెట్టేశావు. నేను మాత్రం సరిగ్గానే చెప్పాను. తెల్లవాళ్ళ కాలంలో మద్రాసులో మనవాళ్ళు కూర్చుని ఒక చట్టం చేస్తే దాన్ని గవర్నరు ఒప్పుకోవాలి, ఆపైన ఢిల్లీలో పెద్దదొర ఒప్పుకోవాలి, ఇంతా అయ్యాక లండన్‌లో రాజుగారికి నచ్చకపోతే అది చెల్లదు పొమ్మనొచ్చు. ఇదంతా నీకు పుస్తకంలో పాఠం. నేను పుస్తకంలో చదవలేదు. మా అత్తవారింటి వసారాలో చూశాను, అదీ తెల్లవాళ్ళు పోయి ఎన్నో ఏళ్ళయ్యాక. ఆ సంగతి ఫోన్లో చెప్పడానికి నాకు నోరు రాదు. అందుకే రాస్తున్నాను. మీ తమ్ముడికి తెలుగు చదవడం కష్టమైతే నువ్వే చదివి వినిపించు, కానీ నవ్వుతూ చదవకు.

పోయిన నెల మన ఊళ్ళో కొత్త పంచాయతీ భవనం తెరిచారు. నన్నూ పిలిచారు. గోడ మీద ఇంతవరకూ పనిచేసిన సర్పంచుల పేర్లన్నీ నీలిరంగుతో రాయించారు. అన్ని మగపేర్ల మధ్య నా పేరు, ఇంటిపేరుతో సహా. ఇప్పటి సర్పంచి మీ అమ్మ కంటే చిన్నది, చురుకైన పిల్ల. నాకు శాలువా కప్పి, ఈ ఊరికి మొట్టమొదటి ఆడ సర్పంచి ఈవిడే అని మైకులో చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు వినబడింది చప్పట్లు కాదు, డప్పు. తల వంచుకున్నాను, ఎత్తలేకపోయాను. పెద్దావిడ సిగ్గుపడుతోందని ముందువరసలో ఎవరో ముచ్చటపడ్డారు. సిగ్గే. వాళ్ళనుకున్న సిగ్గు మాత్రం కాదు.

మన ఊరు మీరు చిన్నప్పుడు చూసిందే, మందసకీ సముద్రానికీ మధ్య, చుట్టూ జీడితోటలూ కొబ్బరీ. మీ తాతయ్య పలాస స్టేషన్లో గూడ్సు గుమస్తా. పొద్దున్నే మొదటి బస్సుకి వెళితే దీపాలవేళకి వచ్చేవారు. కాబట్టి ఇల్లంటే మా మావయ్యే, అంటే మీ ముత్తాత. సన్నగా, పొడుగ్గా, మడత నలగని పంచెతో ఉండేవారు. కుర్రతనంలో టెక్కలిలో తెల్లవాళ్ళ ఆఫీసులో కాపీలు రాసే గుమస్తాగా చేశారు. ఆ ఉద్యోగం చేసింది కొద్దికాలమే గానీ అది ఆయన్ని జీవితమంతా వదల్లేదు. వసారాలో ఆయన మడతమంచం పక్కన గోడకి ఒక ఇనపచువ్వ ఉండేది. పని అయిపోయిన కాగితం దానికి గుచ్చేవారు. ఇంకా ఆలోచించాల్సిన కాగితం చాపకింద పెట్టేవారు. కరెంటు బిల్లయినా, పెళ్ళి శుభలేఖయినా, నా తమ్ముడు నాకు రాసిన ఉత్తరమైనా ఇంతే. చాపకిందికి వెళ్ళింది ఎప్పుడు బయటికొస్తుందో ఎవరూ అడిగేవారు కాదు. వేసవిలో జీడిమామిడి పళ్ళు ముగ్గినప్పుడు ఇల్లంతా ఒక పులుపు వాసన పట్టేది కదా, దాన్లోంచి ఆయన చుట్టవాసన విడిగా తెలిసేది. ఆ వాసన మారిన దిక్కుని బట్టి ఆయన మంచం మీదున్నారో, పెరట్లోకి వచ్చారో వంటింట్లోంచే చెప్పగలిగేదాన్ని. నా నడక, నా గొంతు, గిన్నెల చప్పుడు, అన్నీ ఆ వాసనని బట్టి సర్దుకునేవి.

ఆయన మాట తక్కువ. తలే మాట్లాడేది. గడ్డం గుండెలకి ఆనేలా నెమ్మదిగా ఒకసారి దించితే ఔనని. కొంచెం పక్కకి వాలిస్తే చూద్దామని. చూద్దామంటే లేదనే అర్థం, కానీ ఆ మాట ఆయన నోట ఎవరూ వినలేదు. కొత్త పలుపుతాడు కొనడం దగ్గర్నుంచి మీ అమ్మని పలాస కాలేజీలో చేర్చడం దాకా ఆ తలే తేల్చింది. మీ అమ్మ విషయంలో దించారు. అది చెప్పకపోతే పాపం.

ఆ రోజుల్లోనే మా ఊరి సర్పంచి పదవి ఆడవాళ్ళకని వచ్చింది. అంతకుముందు ఎవరు సర్పంచి అయినా మావయ్యని అడిగే చేసేవారు. పెద్దలు నలుగురూ మా వసారాకి వచ్చి, మీ ఇంట్లోంచే ఒకరిని పెట్టండి అన్నారు. నేను చూరుకింద కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాను. మావయ్య నావైపు చూడలేదు. తల దించారు. అలా నేను సర్పంచినయ్యాను. నన్నెవరూ అడగలేదని అప్పుడు బాధ కూడా కలగలేదమ్మా. చేతికంటిన చింతపండు కడుక్కోడానికి లేచాను, అంతే.

గెలిచాక మందస మండలాఫీసు నుంచి సీలు వచ్చింది. కొయ్యపిడి ఉన్న గుండ్రటి రబ్బరు సీలు. మావయ్య దాన్ని తిప్పి చూసి, చుట్టలు పెట్టుకునే రేకుడబ్బాలో పెట్టి తాళం వేశారు. తాళంచెవి ఆయన మొలతాడుకుంది. పోతుందేమోనన్న జాగ్రత్త అనుకున్నాను. తర్వాత అదే పద్ధతయింది. పొద్దున్న ఆయన చద్దన్నం తింటుంటే నేను ఎదురుగా నిలబడి వచ్చిన కాగితాలు చదివేదాన్ని. ఆయన నంజుకునే ఉల్లిపాయ కొరుకుతూ వినేవారు. తల దించితే నేను సంతకం పెట్టేదాన్ని. చెయ్యి కడుక్కుని, డబ్బా తెరిచి, సీలు మీద ఒకసారి ఆవిరి ఊది, ఆయన ముద్ర వేసేవారు. నా సంతకం మీద ఊదారంగు సిరా పడేది, దాన్లోంచి పొగాకు వాసన వచ్చేది. ఊళ్ళో నన్ను వెనకాల సీలులేని సర్పంచి అనేవారట. చాన్నాళ్ళకి తెలిసింది.

లండన్ కబుర్లన్నీ ఆ చద్దన్నం దగ్గర విన్నవే. డబ్బు ఇక్కడే ఉండేదట, ఖర్చు పెట్టడానికి ఒప్పుకోలు మాత్రం ఎక్కడో ఉండేదట. ఇక్కడి ఉప్పు, ఇక్కడి కల్లు, ఇక్కడి భూమి మీద వచ్చిన పన్ను ఇక్కడి పెట్టెలోనే పడేదట, అందులోంచి ఒక గుమస్తాని కొత్తగా వేసుకోవాలన్నా పైకి రాసుకోవాలట. పైన అంటే ఎక్కడ మావయ్యా అని ఒకసారి అడిగాను. పైకి రాసినోడికి ఆడి పైనున్నోడే తెలుత్తాడమ్మా, ఆ పైన తెల్దు, అన్నారు. నాకది గొప్ప కబురులా అనిపించి నవ్వాను.

ఇప్పుడు ఎర్రమ్మ గురించి చెప్పాలి. అక్కుపల్లి మనిషి. మొగుడు మన ఉద్దానంలో అందరినీ తినేసే ఆ కిడ్నీ జబ్బుతో పోయాడు. సముద్రం దగ్గర్నుంచి చేపలబుట్ట తలమీద పెట్టుకుని మా ఊరి వారపు సంతకి నడిచొచ్చేది. సంతకి పోయేముందు మా పెరటి గుమ్మం దగ్గర బుట్ట దించి, మంచినీళ్ళు తాగి, నెత్తళ్ళో కవ్వళ్ళో నాకు కొన్ని ఇచ్చి పోయేది. నాకంటే పెద్దది. నేను సర్పంచినయ్యాక సర్పంచమ్మా అని పిలవడం మొదలుపెట్టింది. ఆ పిలుపులో సగం వేళాకోళమే, అయినా నాకు బాగుండేది.

సంతలో ఏం దించినా ఆశీలు కట్టాలి. ఆశీలంటే సంతపన్ను. ఏడాది మొదట్లో పంచాయతీ వేలంపాట పెడితే, ఎక్కువ పాడినవాడు ఆ సొమ్ము పంచాయతీకి ముందే కట్టేసి, ఏడాదంతా సంతలో వసూలు చేసుకునేవాడు. మా ఊరికి ఉన్న రాబడి దాదాపు అదే. బండికి ఒక రేటు, కావిడికి ఒక రేటు, తలమీది బుట్టకి ఒక రేటు. ఎర్రమ్మ బాధల్లా ఏమిటంటే, చేప అమ్ముడవకముందే, బుట్ట నేలకి దించీదించగానే కట్టాలి.

"సేప కుళ్ళిపోతే ఆడు తిరిగిత్తాడేటి? తలమీదున్న బుట్టకి కూడా పన్నేటి సర్పంచమ్మా, రేపు బుట్టకింద తలకాయికి కూడా ఏత్తారు గావాల," అంది ఒకరోజు నీళ్ళచెంబు దించి. "నీకు వోటేసినాను నాను. నీ మొకం సూసి కాదు. ఆడమడిసివి, బుట్ట బరువు నీకు సెప్పనక్కర్లేదని ఏసినాను."

ఎర్రమ్మ వోటు మా ఊళ్ళో లేదు, అక్కుపల్లిలో ఉంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఇద్దరం నవ్వుకున్నాం. కానీ ఆ మాట నాలో ఉండిపోయింది. అంతవరకూ నాకు ఒప్పచెప్పినవి నేను చదివాను, సంతకం పెట్టాను. ఇది నాకు నేనుగా తోచింది.

ఆ నెలలో మావయ్య కంటి ఆపరేషనుకి టెక్కలిలో కూతురి ఇంటికి వెళ్ళారు. తాళంచెవి మొలతాడుతోనే వెళ్ళింది. అదే వారం గ్రామసభ ఉంది. బడి వసారాలో కూర్చున్నాం. మావయ్య లేనందుకేమో ఆడవాళ్ళు ఎన్నడూ లేనంతమంది వచ్చారు. జీడిపిక్కలు కొట్టి నల్లబడ్డ వేళ్ళతో చీరకొంగులు నోటికి అడ్డం పెట్టుకుని వెనకవరసలో నిలబడ్డారు. తలబుట్టకి ఆశీలు తీసెయ్యాలని నేనే తీర్మానం రాసి చదివాను. నా గొంతు మీకు తెలుసు కదా, ఎదురింటికి కూడా వినబడదు. రెండోసారి చదవమన్నారు, చదివాను. అందరూ చేతులెత్తారు. ఆ నల్లటి వేళ్ళు పైకి లేచినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి. పిచ్చిదాన్ని.

సభ అయిపోయాక డప్పు కొట్టే అప్పన్న వచ్చి, సాటీమంటారా అమ్మా అని అడిగాడు. మా వైపు పద్ధతి అదేనమ్మా. ఏ కాగితానికి ఏ ముద్ర పడిందో ఊళ్ళో ఎవరూ చూడరు. డప్పు మీద చెప్పిందే మాట. మళ్ళీ డప్పు మీద వద్దనేదాకా అది ఉంటుంది. సీలు టెక్కలిలో ఉందని నాకు గుర్తుంది. మావయ్యని ఒకమాట అడగాలని కూడా గుర్తుంది. అయినా చాటమన్నాను. సాయంకాలం అప్పన్న వీధివీధీ తిరిగాడు. మా ఇంటి ముందుకి వచ్చేసరికి మరీ గట్టిగా కొట్టి, సర్పంచమ్మగారి మాటగా తలబుట్టకి ఆశీలు లేదహో అని సాగదీశాడు. నేను తలుపు చాటున నిలబడి విన్నాను. నా పేరు మీద అంత గట్టి శబ్దం అంతవరకూ ఎప్పుడూ పుట్టలేదు.

తర్వాతి సంతకి ఆడవాళ్ళు బుట్టలు ఎత్తుకుని ఆశీలు వసూలు చేసే మనిషి ముందునుంచే నడిచిపోయారట. ఎర్రమ్మ అయితే అతని ముందు ఆగి, బుట్ట దించకుండా, వెనక్కి తిరిగి చూసి మరీ నడిచిందట. సంత నుంచి తిరిగొస్తూ నాకు ఒక చందువా చేప తెచ్చింది, బాదం ఆకులో చుట్టి. డబ్బులివ్వబోతే తీసుకోలేదు. ఇయ్యాల నా తలకాయి తేలిగ్గున్నాది, బుట్ట బరువు మాత్రం అదే, అంది. ఆ చేప పులుసు పెట్టాను. దాని రుచి ఇప్పటికీ జ్ఞాపకం ఉంది. ఆ తర్వాత చందువా నేను వండలేదు. మీ అమ్మ ఎందుకని ఎప్పుడూ అడిగేది.

మావయ్య వచ్చారు, కంటికి పచ్చగుడ్డ కట్టుకుని. ఆ పూటే ఆశీలు పాడుకున్నాయన వసారాలోకి వచ్చి కూర్చున్నాడు. అరవలేదు, తిట్టలేదు. నేను బండికీ బుట్టకీ కలిపి పాడేను, బుట్టలు తీసేత్తే నా డబ్బులు నాకు తిరిగి ఇయ్యండి, అన్నాడు. పంచాయతీ దగ్గర ఆ డబ్బు లేదు. బావిగట్టుకీ వీధిదీపాలకీ అయిపోయింది. తిరిగి కట్టాల్సి వస్తే సర్పంచి సంతకానికి సర్పంచే పూచీ, ఇంటిమీదికీ తోటమీదికీ వస్తుంది. ఈ లెక్కంతా మావయ్య నాకు ఎదురుగానే చెప్పారు. గొంతు పెంచలేదు.

"పన్ను తీసీడానికి నోరు సాలు కోడలా. తీసిన కన్నం ఏటెట్టి పూడుత్తావు?"

ఆయన చెప్పిన లెక్కలో తప్పు లేదమ్మా. ఉంటే నాకు ఇంత సిగ్గు ఉండేది కాదు, కోపం వచ్చేది. కోపం ఎప్పుడో చల్లారిపోయేది.

"జనం సేతులెత్తేరు మావయ్యా," అన్నాను.

"మద్రాసులోనూ ఎత్తీవోరు."

అంతే అన్నారు. అని అప్పన్నకి కబురు పెట్టారు. అప్పన్న వచ్చి మెట్టుకింద నిలబడ్డాడు. మొన్న చాటింది చెల్లదని మళ్ళీ చాటాలని చెప్పారు. అప్పన్న నావైపు చూశాడు. నేను మజ్జిగ గ్లాసు పళ్ళెంలో పెట్టి ఆశీలాయనకి అందిస్తున్నాను.

"అమ్మగారి పేరెట్టే సెప్పమంటారా బాబూ?" అని అడిగాడు.

మావయ్య తల దించారు. నెమ్మదిగా, గడ్డం గుండెలకి ఆనేలా.

ఆ సాయంకాలం నేను వంటింట్లో ముక్కాలిపీట మీద కూర్చుని కొబ్బరి కోరుతున్నాను. మీ అమ్మ పక్కనే పుస్తకం పెట్టుకుని ఉంది. డప్పు పడమటివీధిలో మొదలైంది. సర్పంచమ్మగారు మునుపు చాటించిన మాట చెల్లదహో, ఆశీలు మామూలేనహో. ఒక్కో మలుపు తిరిగి దగ్గరికొస్తోంది. మీ అమ్మ పుస్తకంలోంచి తల ఎత్తలేదు, పేజీ మాత్రం తిప్పడం మానేసింది. మా వీధిలోకి వచ్చింది. మా ఇంటి ముందుకి వచ్చేసరికి అప్పన్న కర్రలు పక్కకి తీసేసి, డప్పు మీద వేళ్ళతో ఊరికే తట్టి, మాట నోట్లోనే గొణుక్కుంటూ దాటిపోయాడు. రెండిళ్ళవతల మళ్ళీ గొంతెత్తాడు. మొదటిసారి మా గుమ్మం ముందే గట్టిగా కొట్టినవాడు. అతను గట్టిగా కొట్టి ఉంటే నేను భరించేదాన్నేమో. తగ్గించి కొట్టాడు చూడు, అది ఇప్పటికీ నా ఒంటిమీద ఉంది. ఊళ్ళో అందరికంటే చిన్న మనిషి అనుకునేవాళ్ళం అతన్ని. అతనికి నామీద జాలి కలిగింది. కోరిన కొబ్బరిలో చెయ్యి పెట్టుకుని అలాగే కూర్చున్నాను. ఆ రోజు కూర మాడింది. మీ తాతయ్య వచ్చి అదే తిన్నారు. ఆయనకి బస్సులోనే తెలిసిపోయింది.

మర్నాడు మావయ్య నన్ను పిలిచి, తీర్మానం కాగితం తెమ్మన్నారు. ఒంటికన్నుతోనే అంతా చదివారు. రాత బాగుందన్నారు. దీన్ని పైకి రాద్దాం, ఒచ్చే ఏడు పాటకి ముందు పైనుంచి ఊఁ అని ఒత్తే బుట్టలు తీసీసే పాటెడదాం, అప్పుడు నువ్వే సాటించుదువు గాని, అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. కాగితం చాపకిందికి వెళ్ళింది. కొన్నాళ్ళకి చాప దులిపినప్పుడు చూస్తే అక్కడ లేదు. చువ్వకీ లేదు. అడిగితే, పైకెల్లింది, అన్నారు.

ఎర్రమ్మ సంతరోజు సంతరోజుకీ వచ్చేది. రెండో డప్పు గురించి ఒక్కమాట అనలేదు. పైకి రాశాం, వస్తుంది అని నేనే చెప్పాను. అప్పట్నుంచి నీళ్ళు తాగి చెంబు దించుతూ, వొచ్చిందా సర్పంచమ్మా, అని అడిగేది. ఇంకా రాలేదు, అనేదాన్ని. ఊళ్ళో వానలు వచ్చాయి, పనసపళ్ళు వచ్చి పోయాయి, ఆ జవాబు మాత్రం రాలేదు. ఒకరోజు బుట్ట తలకెత్తుకుంటూ నవ్వుతూనే అడిగింది.

"నువ్వు సర్పంచివి. నీ పైన ఇంకా ఎందరున్నారమ్మా?"

వసారాలో ఒకరు దగ్గితే వినబడింది. బుట్ట ఎత్తడానికి సాయం పట్టాను, అంతే.

ఆ దగ్గు విన్న పూటే మావయ్య అన్నం తింటూ తనంతట తాను ఒక కబురు చెప్పారు. టెక్కలి ఆఫీసులో ఉన్నప్పుడు బండ్లవాళ్ళు తమ బండి పన్ను తగ్గించమని పైకి అర్జీ పెట్టుకున్నారట. ప్రతి సంతకీ వచ్చి ఆఫీసు మెట్టు దగ్గర నిలబడేవారట. పెద్దగుమస్తా బయటికి రాడు, వచ్చి చెప్పాల్సింది కుర్రగుమస్తా అయిన ఈయన. ఇంకా రాలేదు అని నాను కూడా ఇలాగే సెప్పీవోడినమ్మా, అన్నారు. ఆయన గొంతు అలా మెత్తబడటం నేను ఎప్పుడూ వినలేదు.

"ఆకరికి వొచ్చిందా మావయ్యా?"

"తెల్లోలే ఎల్లిపోనారు," అన్నారు. చెయ్యి కడుక్కోడానికి లేచారు.

నేను ఊరుకోలేదని మీరు అనుకోవాలని చెప్పడం లేదు గానీ, ఒకసారి మీ తాతయ్యతో చెప్పకుండా మందస ఆఫీసుకి బస్సెక్కాను. మంచి చీర కట్టుకుని, సర్పంచినని చెప్పుకుని, మా తీర్మానం ఇక్కడికి చేరిందా అని అడిగాను. అక్కడి గుమస్తా కుర్చీ చూపించాడు, మర్యాదగానే మాట్లాడాడు. కట్టలు విప్పి చూసే తీరిక లేదన్నాడు. మీ మావగారినే అడగండమ్మా, మీ పంచాయతీ సంగతి ఆయనకే తెలుసు, అన్నాడు. బస్సులో జీడిపిక్కల బస్తాల మీద కూర్చుని వచ్చాను. ఇంటికొచ్చేసరికి మావయ్య చుట్ట ముట్టించుకుంటూ, మందస్లో ఎండెలగుంది, అని అడిగారు.

ఏడు తిరిగింది. పైనుంచి ఏమీ రాలేదు. పాట రోజున మా వసారాలోనే సర్పంచి కుర్చీ వేశారు, నేను కూర్చున్నాను, మావయ్య వెనక నిలబడ్డారు. బండికీ కావిడికీ తలబుట్టకీ కలిపే పాట మొదలుపెట్టమని నాచేతే చెప్పించారు. చెప్పాను. అప్పన్న డప్పు కొట్టాడు. నా గొంతు చిన్నది కదా, ఆ రోజు దానికి నేను సంతోషించాను.

ఆ తర్వాత కూడా ఎర్రమ్మ రావడం మానలేదు. నీళ్ళు తాగేది, నెత్తళ్ళు ఇచ్చేది. వచ్చిందా అని అడగడం మానేసింది. సర్పంచమ్మా అనడం కూడా మానేసింది. వట్టి అమ్మా అనేది, పదవి రాకముందు అన్నట్టే. నాకింకా పదవి ఉంది.

పదవీకాలం అయిపోయాక సీటు ఇంకెవరికో వెళ్ళింది. కొత్తాయన వస్తే మావయ్య డబ్బా తెరిచి సీలు తీసి, పంచెకొంగుతో తుడిచి ఆయన చేతిలో పెట్టారు. నేను కాఫీ తెచ్చేలోపే అది చేతులు మారిపోయింది. అన్నేళ్ళలో దాని పిడి నా అరచేతిలో ఎలా ఉంటుందో నాకు తెలియకుండానే పోయింది.

ఇప్పుడు ఆ సంత రోడ్డు పక్కకి మారింది. చేపలు ఆటోల్లో ఐసుపెట్టెల్లో వస్తున్నాయి. తలమీద బుట్ట పెట్టుకుని నడిచేవాళ్ళు నాకు కనబడలేదు. ఎర్రమ్మ కూతురు పలాసలో జీడిపరిశ్రమ దగ్గర చేపలు అమ్ముతుంది, డబ్బులు ఫోనులో పడుతుంటే ఫోనే గట్టిగా చెబుతుంది. ఆశీలు మాత్రం ఉంది, అచ్చువేసిన చీటీ ఇస్తున్నారు. మా తీర్మానానికి ఆమోదం రేపొచ్చినా అది పనికొచ్చే తలకాయి ఒక్కటీ లేదు. ఎర్రమ్మ పోయి చాలాకాలమైంది. భవనం తెరిచిన రోజున ఆ సర్పంచి పిల్లని పక్కకి పిలిచి, సీలు ఎవరి దగ్గరుంటుందమ్మా అని అడిగాను. ఆ పిల్ల నవ్వి, మా ఆయన బండి డిక్కీలో ఉంటాది పెద్దమ్మా, అంది. ఇద్దరం ఒకరినొకరు చూసుకోలేదు. బయట ఆమె ఫొటో పక్కన అంతకంటే పెద్ద ఫొటోతో ఆయన ఫ్లెక్సీ గాలికి కొట్టుకుంటోంది.

మావయ్య చివరి రోజులు నేనే చూశాను. అప్పటికి రెండు కళ్ళూ పోయాయి. చుట్ట మాన్పించారు, ఆ వాసన లేక నాకు ఇంట్లో దారి తప్పినట్టుండేది. వయసుతో ఆయనకి తల ఊగే జబ్బు వచ్చింది. కూర్చున్నా, పడుకున్నా, నిద్రలో తప్ప ఊగుతూనే ఉండేది. ఒకప్పుడు ఇంటినీ ఊరినీ నడిపిన తల. ఇరుగుపొరుగు చూడ్డానికొచ్చి ఏదో అడిగి, ఆ ఊపు చూసి ఔనన్నారని సంబరపడి పోయేవారు.

ఒక మధ్యాహ్నం వసారాలో ఆయన మంచం పక్కన కూర్చుని అంబలి పడుతున్నాను. ఇంట్లో ఎవరూ లేరు. పక్కతోటలో ఎవరో కొబ్బరికాయలు దించుతున్న చప్పుడు. ఆయన గడ్డం మీద కారింది తుడిచాను. అన్నేళ్ళుగా నోటిదాకా వచ్చి ఆగిన మాట అప్పుడు వచ్చేసింది. దెబ్బలాడ్డానికి కాదమ్మా. ఆయన పంపానంటే నా సిగ్గులో కొంత పైనెక్కడో ఉన్నవాళ్ళ ఖాతాలో వేసుకునేదాన్ని. పంపలేదంటే ఆయన ఖాతాలో వేసేదాన్ని. ఏదో ఒకటి తెలిస్తే చాలనుకున్నాను. ఆయన విన్నారు. నా గొంతు వైపు మొహం తిప్పారు. పెదవులు కదిలాయి, మాట రాలేదు. తల కిందికి ఊగింది, పక్కకి వాలింది, మళ్ళీ కిందికి ఊగింది. చెంచా పట్టుకుని, అది ఆగుతుందేమోనని చూస్తూ కూర్చున్నాను. ఆగలేదు. అంబలి చల్లారిపోతోందని ఇంకో చెంచా అందించాను.

నేనడిగింది ఇంతే. తలబుట్టల కాగితం పైకి పంపేరా, మావయ్యా?